ఉద్దానం దారిలో సైకిల్

హౌరా–చెన్నై మార్గంలో రైళ్లు పలాసలో ఆగేది కాసేపే. ఆ కాసేపట్లో కిటికీ దగ్గరికి జీడిపప్పు పొట్లాలు వస్తాయి. బేరం తెగేలోపు బండి కదులుతుంది. తూర్పు కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలు, వాటి మధ్య నుంచి సముద్రం వైపు పోయే బాట ఒకటి కనిపించి మాయమవుతాయి. కారులో వెళ్లేవాళ్లకు ఆ మాత్రం కూడా దక్కదు. 16వ నంబరు జాతీయ రహదారి శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా ఉద్దానాన్ని పక్కన వదిలేసి పరుగెత్తుతుంది. రహదారికీ కెరటానికీ మధ్య ఉన్న ఆ పచ్చటి పట్టీలోకి దిగాలంటే ఎక్కడో ఒకచోట ఎడమకో కుడికో తిరగాలి. తిరిగాక వేగం తగ్గించుకోవాలి. అక్కడికి తగిన బండి సైకిలే.

ఉద్దానం పేరు బయటివాళ్ల చెవిన పడేది కష్టకాలంలో మాత్రమే. తుఫాను వచ్చినప్పుడు, కిడ్నీ జబ్బు మీద ఎవరో మాట్లాడినప్పుడు, వలస వెళ్లినవాళ్లు ఎక్కడో చిక్కుకుపోయినప్పుడు. ఆ వార్తల్లో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఒక ప్రాంతాన్ని దాని కష్టాలతోనే గుర్తుపట్టడం మొదలుపెడితే, ఆ ప్రాంతం మనకు బంధువు కాకుండా రోగిగా మిగిలిపోతుంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఊరూరూ తిరిగినవాళ్లకు తెలిసిన ఉద్దానం వేరు. అక్కడ పనస చెట్టు మొదట్లోనే కాస్తుంది. ఇంటి ముందు కొబ్బరికాయల గుట్ట ఉంటుంది. తెలుగులో మొదలైన మాట ఒడియాలో ముగుస్తుంది. చెట్టు నీడన కూర్చున్న పెద్దాయన దారిన పోయే కొత్త మనిషిని పలకరించకుండా వదలడు: "ఎందాకా ఎల్తారు బాబూ? ఏ ఊరు మీది?"

నాలుగైదు రోజులు సైకిల్ మీద ఊళ్లు తిరిగి రావడం మన దగ్గర సెలవుల కింద లెక్కకు రాదు. నెదర్లాండ్స్‌లో అదే పెద్ద సెలవు. అక్కడ ఐసెల్ అనే నది ఉంది. రైన్ నుంచి చీలి ఉత్తరంగా పారే పాయ. దాని ఒడ్డున జుట్‌ఫెన్, డెవెంటర్, కాంపెన్ లాంటి పాత పట్నాలు ఉన్నాయి. మధ్యయుగంలో హాన్సా వర్తక సంఘంలో చేరి, నది మీద వచ్చే సరుకులతో బాగుపడ్డ ఊళ్లు అవి. ఇవాళ వాటిని చూడటానికి జనం సైకిళ్ల మీద బయల్దేరతారు. రోజుకు 40 నుంచి 60 కిలోమీటర్లు, అంతే. పొద్దున్న ఒక పట్నంలో ఫలహారం, మధ్యాహ్నం కరకట్ట మీద, పొద్దువాలే వేళకు ఇంకో పట్నంలో చర్చి గోపురం కింద. పెట్టెలు మోసే పని లేదు, యాత్ర నడిపేవాళ్లు వాటిని ముందే తర్వాతి బసకు చేరుస్తారు. నదికి వంతెన లేనిచోట మనిషినీ సైకిల్‌నీ కలిపి దాటించే చిన్న పడవ ఉంటుంది.

దారి అడగాల్సిన పని కూడా పెద్దగా లేదు. సైకిల్ బాటలు కలిసే ప్రతి కూడలికీ ఒక అంకె ఉంటుంది. ఇవాళ్టి ప్రయాణం 23, 47, 51 అని చీటీ మీద రాసుకుని హ్యాండిల్‌కు తగిలించుకుంటే చాలు. ఈ పద్ధతి పుట్టింది పక్కనున్న బెల్జియంలో, లింబర్గ్ ప్రాంతంలో, 1995లో. హ్యూగో బొలెన్ అనే మైనింగ్ ఇంజినీరు బొగ్గు గనుల్లో సొరంగాలు కలిసే చోట్లకు అంకెలు వేసే అలవాటును నేల మీది బాటలకు తెచ్చాడు. మూతపడిన గనుల నుంచి ఆ ప్రాంతానికి మిగిలిన మంచి ఆస్తుల్లో అదొకటి.

నెదర్లాండ్స్‌వాళ్లు, అంటే డచ్చివాళ్లు, మనకు కొత్తవాళ్లేమీ కారు. పదిహేడో శతాబ్దం మొదట్లోనే వాళ్ల కంపెనీ మచిలీపట్నంలో కొట్టు తెరిచింది. భీమునిపట్నంలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లు మన తీరం నుంచి మోసుకెళ్లిన అద్దకపు బట్ట హిండెలోపెన్ అనే చిన్న రేవు పట్నంలో ఆడవాళ్ల సంప్రదాయ దుస్తుల్లో భాగమైపోయింది. ఒక దేశపు అద్దకం ఇంకో దేశపు పండుగ బట్ట కాగలిగినప్పుడు, వాళ్ల సైకిల్ సెలవు ఉద్దానానికి ఎందుకు పనికిరాదు?

నేల తీరు చూస్తే అన్నీ కలిసొస్తాయి. నెదర్లాండ్స్‌లో యూరప్ వైపు నేలంతా వెతికినా 322 మీటర్లకు మించిన గుట్ట లేదు. ఉద్దానం కూడా అంతే సమతలం. పడమట 1,501 మీటర్ల మహేంద్రగిరి నిలబడి ఉంటుంది కానీ అది చూడటానికే, ఎక్కాల్సిన పని లేదు. ఎక్కడ తిరిగినా ఆ కొండ ఎటుందో చూసుకుంటే దిక్కు తెలిసిపోతుంది. ఇచ్ఛాపురం నుంచి పలాస 50, 60 కిలోమీటర్లు, పలాస నుంచి టెక్కలి దాదాపు 30. అలవాటున్నవాళ్లు రహదారి మీద ఒక్క రోజులో తొక్కేస్తారు. కానీ అలా తొక్కినవాళ్లు చూసేది లారీ వెనక రాసిన అక్షరాలనే. తోటల దారిన, గెడ్డల మీదుగా, సముద్రం దాకా వెళ్లి వెనక్కి వస్తూ పోతే అదే దూరం నాలుగైదు రోజుల పని అవుతుంది. కాలం చూసుకుని రావాలి. అక్టోబరు తుఫానుల నెల. కార్తీకం దాటి మాఘం దాకా మంచి రోజులు.

పలాస ఊళ్లోకి సైకిల్ మీద వచ్చేవాడికి ఊరి కంటే ముందు వాసన ఎదురొస్తుంది. కాశీబుగ్గ వైపు జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు ఉడికే వాసన. కారు అద్దాలు మూసుకున్నవాళ్లకు ఇది తెలియదు. పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టు ఇది. ఈ ఇసుక నేలను చూసి ఇక్కడే పుట్టినట్టు పాతుకుపోయింది. ఇప్పుడు తోటల్లో పండే పిక్క చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా తెప్పిస్తున్నారు.

షెడ్డులోకి తొంగిచూస్తే పని అంతా వరుసగా సాగుతుంటుంది. ఆవిరిలో ఉడికి ఆరిన పిక్కను కటింగ్ మిషను నోట్లో పెట్టి, కింద కాలితో తొక్కి, చేత్తో పిడి లాగుతారు. పిక్క రెండుగా విచ్చుకుంటుంది. మొన గుచ్చి లోపలి పప్పును విరగకుండా తియ్యాలి, ఎందుకంటే గుండుకు ఒక ధర, బద్దకు ఒక ధర, ముక్కకు ఇంకో ధర. పెంకులో ఉండే జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది. అందుకే ఆముదమో బూడిదో రాసుకుంటారు, అయినా వేళ్ల కొసలు నల్లబడతాయి. తర్వాత పప్పు బోర్మా అనే వేడి గదిలో ఆరి, పొట్టు తీసేవాళ్ల ముందుకు వస్తుంది. అక్కడ కూర్చున్నవాళ్లంతా ఆడవాళ్లే. చిన్న కత్తి మొనతో పొట్టును గీకి, పప్పును తిప్పి, మచ్చ ఉందేమో చూసి పక్కకు వేస్తారు. చూసేవాడికి అది ఒకే కదలికలా ఉంటుంది. చివర్న సైజుల వారీగా ఏరతారు. డబ్బా మీద 320 అని ఉంటే పౌనుకు 320 దాకా గుండ్లు తూగుతాయని లెక్క, 180 అయితే ఇంకా లావు పప్పు. పెళ్లి పాయసంలో తేలే ఒక్కో పప్పు వెనక ఇన్ని చేతులున్నాయని రైలు కిటికీలోంచి పొట్లం కొన్నవాళ్లకు ఎవరు చెప్పాలి?

జీడి తర్వాత కొబ్బరి. పలాస దాటి వజ్రపుకొత్తూరు వైపు తిరిగాక ఎదురయ్యే సైకిళ్లలో తొక్కుతూ వచ్చేవి కొన్నే, మనిషి పక్కన నడుస్తూ తోసుకొచ్చేవి కొన్ని. కాయలు జతలుగా ముడివేసి క్యారేజీకి అటూ ఇటూ, హ్యాండిల్ మీద, మధ్య బారు మీద కూడా వేలాడదీస్తారు. కూర్చోవడానికి సీటు కూడా మిగలదు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి వెనక కాయల మీద వేసి, ఇసుకలో చక్రం దిగబడే చోట భుజంతో కాస్త ఎత్తి తోస్తాడు. బ్రేకు పని మడమతో చేస్తాడు. ఆ సైకిల్ అతనికి బండి, కాటా, కొట్టు అన్నీ. ఈ దారులు ఎవరివి అన్న ప్రశ్న వస్తే మొదటి జవాబు అతనే. సెలవుకని వచ్చిన మనిషి మెరిసే సైకిల్ దిగి అతనికి దారి ఇవ్వాలి.

ఆ కాయల వెనక ఒక తారీఖు ఉంది. 2018 అక్టోబరు 11, తెల్లవారుజామున, తిత్లీ తుఫాను ఈ తీరం మీదే నేలను తాకింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారేసరికి కొబ్బరి చెట్లు తలలు తెగి, జీడి చెట్లు వేళ్లతో లేచి పడి ఉన్నాయి. వరి మునిగితే ఒక పంట పోతుంది. కొబ్బరి పడిపోతే మళ్లీ నాటిన మొక్క కాపుకు వచ్చేదాకా ఆరేడేళ్లు ఆగాలి. ఆ ఆరేడేళ్లలో పిల్లవాడి చదువు, ఆడపిల్ల పెళ్లి, తాకట్టు వడ్డీ ఆగవు కదా. చాలామంది విశాఖకో హైదరాబాదుకో అండమాన్‌కో బండెక్కారు. ఇవాళ తోటల్లో సైకిల్ మీద పోతుంటే చెట్ల ఎత్తులో తేడా తెలుస్తుంది. ఒకచోట పాత చెట్లు ఆకాశంలో ఉంటాయి, పక్కనే భుజమెత్తు, నిలువెత్తు చెట్లు. ఏ తోట ఎంత దెబ్బతిందో ఆ ఎత్తులే చెబుతాయి. ఆ లెక్క చదవడానికి సైకిల్ వేగం సరిపోతుంది, అంతకు మించితే అంతా ఒకే పచ్చదనం.

అక్కుపల్లి దగ్గర సముద్రం కనిపిస్తుంది. అక్కడి నుంచి తీరం వెంట మంచినీళ్లపేట, నువ్వలరేవు. నువ్వలరేవు మత్స్యకారుల పెద్ద ఊరు. ఊళ్లో పెళ్లిళ్లన్నీ రెండు మూడేళ్లకొకసారి కలిపి ఒకేసారి చేస్తారు. ఆ రోజుల్లో ఊరంతా పందిళ్లే, ఇంటికొక పెళ్లికొడుకో పెళ్లికూతురో. మగవాళ్లలో చాలామంది ఏడాదిలో ఎక్కువ కాలం గుజరాత్ రేవుల్లో వేటకు పోతారు కాబట్టి, అందరూ ఊళ్లో ఉన్నప్పుడే శుభకార్యాలు జరిగిపోవాలి.

నీళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. ఐసెల్ ఒడ్డున సైకిల్ తొక్కేవాడు తాగే నీటి గురించి ఆలోచించడు, కుళాయి తిప్పి సీసా నింపుకుంటాడు. ఉద్దానంలో ఆ కుళాయే అసలు కథ. మూత్రపిండాల జబ్బు ఈ పల్లెల్లో ఇన్నేళ్లుగా ఎందుకింతగా ఉందో, ఎన్ని పరిశోధనలు జరిగినా ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. నేల నీటి మీద అనుమానం మాత్రం వదల్లేదు. 2023 డిసెంబరు 14న రెండు పనులు ఒకే రోజు ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఉద్దానానికి తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం ఒకటి, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఇంకొకటి. దాహంతో ఇంటి ముందు ఆగిన మనిషికి ఉద్దానం ఇల్లాలు నీళ్ల చెంబు ఇవ్వకుండా పంపదు. చాలా ఇళ్లలో ఆ చెంబులో నీళ్లు ఇప్పుడు నది నీళ్లు. కొన్ని ఇళ్లలో కొన్న డబ్బా నీళ్లు. తాము డబ్బు పెట్టి కొన్న నీటిని దారిన పోయేవాడికి ఉత్తినే పోసే మనిషి ముందు, సీసాలో నీళ్లున్నా సరే, ఆ చెంబు అందుకుని తాగడమే మర్యాద. తాగి, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రికి తిరుగుతున్నారా అని అడగడం అంతకంటే మర్యాద.

ఉత్తరానికి తిరిగితే మందస. వాసుదేవ పెరుమాళ్ గుడి, పాత సంస్థానం కోట, కోవా. మందస కోవా తినకుండా ముందుకు కదలడం కుదరదు, కదలనివ్వరు కూడా. ఇక్కడికి దగ్గర్లోని గుడారి రాజమణిపురంలో 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పుల్లో సాసుమాన గున్నమ్మ చనిపోయింది. అడవి కట్టె మీద, భూమి మీద జమీందారు హక్కుకు ఎదురు తిరిగిన రైతుల పక్షాన నిలబడ్డ ఆమెను వీర గున్నమ్మ అంటారు. అదే ఏడాది పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. దేశంలోని రైతు నాయకులు ఈ చిన్న రైల్వే స్టేషన్‌లో దిగారంటే ఇక్కడి రైతు గొంతు అప్పటికే ఎంత దూరం వినిపించిందో ఊహించుకోవచ్చు.

మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. డచ్చి పట్నాల్లాగే బారువ కూడా ఒకప్పుడు ఓడలు ఆగిన ఊరు. దీపస్తంభం ఉంది. 1917లో ఈ తీరానికి దగ్గర్లో చిల్కా అనే ఆవిరి ఓడ మంటలంటుకుని మునిగింది. దాని శిథిలాలు ఇప్పటికీ నీటి అడుగున ఉన్నాయి, ఈతగాళ్లు దిగి చూసి వస్తారు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. ఐసెల్ ఒడ్డున కాంపెన్‌కు ఉన్నట్టే బారువకూ పాత కథ ఉంది. తేడా ఏమిటంటే కాంపెన్‌లో ఆ కథను గోడలు చెబుతాయి, బారువలో మనుషులు చెప్పాలి. అడిగేవాళ్లుండాలి.

బారువ నుంచి సోంపేట వైపు వెళ్తే బీల వస్తుంది. సైకిల్ ఆపి ఎక్కువసేపు నిలబడాల్సిన చోటు ఈ ప్రయాణంలో ఏదైనా ఉందంటే అదే. కంటికి ఆనినంత మేర తడి నేల, నీటి మడుగులు, రెల్లు, తుంగ, కొంగలు, మధ్యలో గేదెల వీపులు. వానాకాలంలో చెరువులా ఉంటుంది, ఎండాకాలంలో పశువుల మేత. చుట్టూ ఉన్న ఊళ్ల పొలాలకు దీని నీరే ఎక్కుతుంది, దీని చేపలే సంతకు వెళ్తాయి. కాగితాల్లో దీన్ని బంజరు అని రాసి థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. 2010 జులై 14న అడ్డుకున్న జనం మీద కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది.

డచ్చివాళ్ల చరిత్ర నీటిని తోడిపోసి నేల సంపాదించిన చరిత్ర. గాలిమరలతో తోడారు, కట్టలు కట్టారు, సముద్రమున్న చోట ఆవులను మేపారు. ఆ పనికి లోకం జేజేలు పలుకుతుంది, న్యాయమే. బీల చుట్టుపక్కల రైతులు, జాలర్లు అందుకు సరిగ్గా ఎదురు పని చేశారు. నీటిని నీటిగా ఉంచడానికి ప్రాణాలొడ్డారు. దానికి కూడా అంతే గౌరవం దక్కాలి. ఈ నేలను బంజరు అని రాసిన కలం పట్టిన చెయ్యి ఇక్కడ ఒక పూట సైకిల్ మీద తిరిగి ఉంటే ఆ మాట రాయగలిగేది కాదు. పశువుల కాపరి, చేపల బుట్ట, నీళ్లు తోడే మోటారు చప్పుడు, ఇన్ని కనిపించాక బంజరు అనే మాట నోటికి ఎలా వస్తుంది?

ఇదే కథ దక్షిణాన కాకరాపల్లిలోనూ జరిగింది. తంపర అనే చిత్తడి నేలల్లో విద్యుత్ కేంద్రం వద్దన్న జనం మీద 2011 ఫిబ్రవరి 28న కాల్పులు, మళ్లీ ఇద్దరి మరణం. ఆ తంపరల పక్కనే టెక్కలి మండలంలో తేలినీలాపురం ఉంది. ఏటా చలికాలం ముందు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఆ ఊరి చింత చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊరి నమ్మకం. ఈ రెండు జాతులూ మన దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లోనే ఉండేవని పక్షుల శాస్త్రం. ఎక్కడి నుంచి వచ్చినా ఊరివాళ్లు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. అవి రాని ఏడు మంచిది కాదంటారు. గూళ్లలోని పిల్లలకు తిండి ఆ తంపరల్లోంచే. తంపర పోతే పక్షులు రావు, ఈ లింకు తెలుసుకోవడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు, తెల్లవారి గూళ్ల నుంచి లేచిన గుంపు ఎటు ఎగురుతుందో చూస్తూ సైకిల్ తొక్కితే చాలు.

నౌపడ ఉప్పు మడులు కూడా ఆ దారిలోనే. ఎండాకాలం మొదలయ్యాక తెల్లటి కుప్పలు వరుసగా నిలబడతాయి. నౌపడ జంక్షన్ నుంచి పర్లాకిమిడికి 1900లోనే చిన్న పట్టాల రైలు వేశారు. పర్లాకిమిడి రాజావారి పూనికతో వచ్చిన ఆ బండి తర్వాత గుణుపురం దాకా వెళ్లింది. ఇప్పుడు పెద్ద పట్టాలయ్యాయి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయినా, పెళ్లి సంబంధాలు, సంతలు, ఈ రైలు ఇటూ అటూ కలిపే ఉంచాయి.

టెక్కలి పక్కన రావివలసలో ఎండల మల్లన్న ఉన్నాడు. పెద్ద లింగం, పైన కప్పు లేదు. స్వామి ఎండలోనే, వానలోనే ఉంటానన్నాడని భక్తుల మాట. కార్తీక మాసంలో కొండకు పోయినట్టు జనం పోతారు. ఎండలో సైకిల్ తొక్కి వచ్చినవాడికి ఎండలోనే కూర్చున్న దేవుడు దగ్గరివాడనిపిస్తాడు.

ఇంత ఉంది కదా, మరి ఇక్కడ సైకిల్ సెలవు ఎందుకు లేదు? పర్యాటక శాఖ ప్రకటన లేకపోవడం, కాటేజీలు లేకపోవడం కారణమని అనుకుంటే పొరపాటు. నెదర్లాండ్స్ ఆ బాటలను పర్యాటకుల కోసం వెయ్యలేదు. 1950, 60ల్లో అక్కడ కూడా కార్లు పెరిగి సైకిళ్లు మూలపడ్డాయి, బాటలు తీసి రోడ్లు వెడల్పు చేశారు. 1971లో అక్కడి రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. విక్ లాంగెన్‌హాఫ్ అనే పత్రికా రచయిత ఆరేళ్ల కూతురు బడికి వెళ్తూ కారు కింద పడి పోయింది. ఆయన 1972లో రాసిన వ్యాసం నుంచి పిల్లల హత్య ఆపండి అనే ఉద్యమం లేచింది. తల్లిదండ్రులు వీధులు మూసి కూర్చున్నారు. 1973 చమురు సంక్షోభంలో ఆదివారాలు కార్లు బంద్ అయ్యాయి, ఖాళీ రోడ్ల మీద జనం మళ్లీ సైకిల్ తొక్కి చూశారు. బాటలు అలా వచ్చాయి. ఇప్పుడు దాదాపు కోటీ ఎనభై లక్షల జనాభాకు రెండు కోట్ల ముప్పై లక్షల సైకిళ్లు. జుట్‌ఫెన్ నుంచి డెవెంటర్‌కు హాయిగా తొక్కుకుంటూ పోయే సెలవు యాత్రికుడు, బడిపిల్లల కోసం వేసిన దారి మీద పోతున్నాడు.

ఉద్దానంలో కూడా బడిపిల్ల సైకిల్ మీదే ఉంది. 2017 ప్రాంతంలో బడికొస్తా పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. పక్క రాష్ట్రమైన తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఆడవాళ్లు 1990ల మొదట్లో అక్షరాలతో పాటు సైకిల్ కూడా నేర్చుకుని, ఎవరి మీదా ఆధారపడకుండా సంతకూ పనికీ పోవడం మొదలుపెట్టిన సంగతి దేశమంతా చదివింది. సైకిల్ చేతికొస్తే ఆడపిల్ల తిరిగే మేర పెరుగుతుందని రుజువైంది. కానీ సైకిల్ ఇచ్చినవాళ్లు దారి ఇవ్వలేదు. సాయంత్రం బడి వదిలాక రోడ్డు అంచున నలుగురైదుగురు పిల్లలు ఒకరి వెనక ఒకరు తొక్కుతూ వస్తుంటే, వెనక లారీ హారన్ పడగానే అందరూ ఒకేసారి మట్టిలోకి దిగుతారు. తారు అంచుకూ మట్టికీ మధ్య జానెడు దిగుడు ఉంటుంది. దిగేటప్పుడు ఒక్కోసారి చక్రం మెలిపడుతుంది. లారీ వెళ్లాక మళ్లీ సైకిల్ ఎత్తి తారు మీద పెట్టుకుని తొక్కుతారు. ఈ దృశ్యంలో తప్పు పిల్లలది కాదు, లారీ డ్రైవర్ది కూడా పూర్తిగా కాదు. రోడ్డు వేసినప్పుడు సైకిల్ ఉందన్న సంగతే లెక్కలోకి తీసుకోని బొమ్మది.

ఇక్కడి పంక్చర్ షాపులను చూస్తే ఆశ కలుగుతుంది. పాత టైర్లు వేలాడదీసిన పాక, నీళ్ల తొట్టి, చేతి పంపు. ట్యూబు నీళ్లలో ముంచి, చెవి దగ్గరికి తీసుకుని బుడగ చప్పుడు విని, వేలితో చిల్లు పట్టుకునే మనిషి. గీరి, సొల్యూషన్ రాసి, ఊది, అతుకు వేసి, మళ్లీ ముంచి చూస్తాడు. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం ఆగిపోయింది. అయినా ఆ పేరున్న సైకిళ్లు ఉద్దానంలో ఇంకా కొబ్బరికాయలు మోస్తూనే ఉన్నాయి, ఇలాంటి చేతుల వల్లే. యాత్ర సౌకర్యాల్లో సగం ఇప్పటికే ఊరూరా ఉన్నట్టే.

మిగతా సగం పెద్ద ఖర్చు కాదు. తోటల మధ్య బాటలు ఉన్నాయి, వానకు కొట్టుకుపోయిన కల్వర్టులు సరిచెయ్యాలి. అక్కుపల్లి నుంచి బారువ దాకా, నౌపడ నుంచి తేలినీలాపురం దాకా కూడలి కూడలికీ ఒక అంకె రాసిన రాయి పాతాలి. టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు క్వారీలే ఉన్నాయి, రాళ్లకు కరువు లేదు. పలాస, సోంపేట, నౌపడ స్టేషన్ల దగ్గర రైలు దిగినవాళ్లకు అద్దె సైకిళ్లు దొరకాలి. బస కోసం కాంక్రీటు భవనాలు వద్దు, తిత్లీకి తోట పోగొట్టుకున్న రైతు ఇంటి అరుగు మీద ఒక గది చాలు. ఆ అద్దె అతనికి కాపు లేని ఏడాదిలో చేతి ఖర్చుకు వస్తుంది. సామాను తర్వాతి ఊరికి చేర్చే పని ఆటోవాడికి దొరుకుతుంది.

తొందర పడాల్సిన కారణం ఒకటుంది. సంతబొమ్మాళి మండలంలో మూలపేట రేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. రేవు వస్తే లారీలు వస్తాయి, రహదారి నుంచి సముద్రం దాకా దారులు వెడల్పవుతాయి. రేవు పని దొరికే కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లకుండా ఇంటి దగ్గరే ఉండగలిగితే అంతకంటే కావలసింది లేదు. కానీ ఆ వెడల్పు దారుల బొమ్మ గీసేటప్పుడే అంచున రెండు మీటర్లు బడిపిల్లకూ, కొబ్బరికాయల సైకిల్‌కూ, పొద్దున్నే జీడి షెడ్డుకు పోయే ఆడవాళ్లకూ వదలాలి. ఇప్పుడు వదిలితే అది గీతలో చిన్న మార్పు. లారీలు అలవాటయ్యాక వదలాలంటే అటు పక్క ఉప్పు మడి, ఇటు పక్క కాపుకొచ్చిన కొబ్బరి, రెండింటికీ పరిహారం లెక్క కట్టాల్సి వస్తుంది.